పిల్లల పక్షాన పనిచేయాలని ఉంది... 5 లక్షలు అప్పు చేయొచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. వరంగల్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 32 వేలు వస్తాయి. ఉద్యోగం మానేసి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి, ఆపదలో ఉన్న పిల్లలకు, వాళ్ల కుటుంబాలకు అండగా ఉండే పని చేయాలనుంది. ఎఫ్‌డీలో 3 లక్షలున్నాయి. ఇంకో 5 లక్షలు విద్యారుణం తీసుకోవచ్చా? అమ్మ బాధ్యత నాదే.

జవాబు: నా దగ్గరికి వచ్చే ఒకావిడ పోక్సో కేసుల్లో, అంటే పిల్లలపై లైంగిక నేరాల కేసుల్లో, బాధిత పిల్లలకు తోడుండే సపోర్ట్ పర్సన్‌గా పనిచేస్తారు. సాక్ష్యం చెప్పాల్సిన పాప కోర్టు వరండాలో మూడు గంటలు ఈవిడ చున్నీ కొంగు పట్టుకునే కూర్చుందని ఓసారి చెప్పారు. ఆ పనికి మీలాంటివాళ్లు రావాలి, వచ్చాక నిలబడాలి కూడా. ఈఎంఐ భారం మోయలేక రెండేళ్లకే వేరే ఉద్యోగం వెతుక్కున్నవాళ్లను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఎంత అప్పు చేయాలో రేపు వచ్చే జీతాన్ని చూసి తేల్చుకోండి. జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో సోషల్ వర్కర్‌కు కేంద్ర బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో ఉన్నది నెలకు 18,536 రూపాయలు. అదీ కాంట్రాక్టు మీదే. ఇప్పుడు అప్పు సంగతి. రెండేళ్ల చదువు, ఆపై ఏడాది మారటోరియం, అంటే ఈఎంఐ కట్టనక్కర్లేని గడువు. మొత్తం మొదట్లోనే తీసుకుని ఆ మూడేళ్లూ 10 శాతం వడ్డీ కట్టకుండా వదిలేస్తే 5 లక్షలు 6.5 లక్షలవుతాయి. ఏడేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ దాదాపు 10,800. సోషల్ వర్కర్ జీతంలో ఇక మిగిలేది ఎనిమిది వేలలోపే. అమ్మ మందులు, ఇంటి అద్దె అందులోనా? వద్దండి.

విద్యారుణం వడ్డీకి పన్ను మినహాయింపు ఉందిగా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. అది పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది, పైగా ఈ జీతాలకు పన్నే పడదు.

నా సలహా, ఉద్యోగం వదలకుండా ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం)లో దూరవిద్యలో ఎంఎస్‌డబ్ల్యూ చేరండి. ఖర్చు వేలల్లోనే తేలిపోతుంది. ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి కాబట్టి సెలవులు దానికే దాచుకోండి, అసలు చదువు అక్కడే ఉంది. రెగ్యులర్ కాలేజీలోనే చదవాలని గట్టిగా ఉంటే అప్పు 2 లక్షలు దాటనివ్వకండి. చదివే రోజుల్లోనే నెలనెలా వడ్డీ కట్టేయండి.

ఎఫ్‌డీలో సగం మాత్రం ముట్టుకోవద్దు. కాంట్రాక్టు జీతాలు రెండు మూడు నెలలు ఆగి ఒకేసారి పడటం మామూలే. ఇంకొకటి, ఉద్యోగంలో చివరి రోజుతోనే సాధారణంగా కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా పోతుంది. అంతకంటే ముందే మీకు, అమ్మకు విడివిడిగా పాలసీలు తీసుకోండి. అమ్మకు ముందునుంచే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే కొంతకాలం వాటికి క్లెయిమ్ రాదు, కాబట్టి ఆమె పాలసీ ఈ నెలలోనే మొదలుపెట్టండి.