ఒకే సైటోకైన్ (కణాలకు సంకేతమిచ్చే ప్రోటీన్) ఇచ్చినా మోనోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) వేర్వేరుగా ఎందుకు మారతాయి? కణాల చుట్టూ అల్లుకుని ఉండే మ్యాట్రిక్స్‌కి (ప్రోటీన్లు, చక్కెర గొలుసుల అల్లికకి) ఇందులో పాత్ర ఉందా?

ఉంది, అదీ చిన్నాచితకా పాత్ర కాదు. సైటోకైన్‌కి ఎంత పెత్తనం ఉందో మ్యాట్రిక్స్‌కీ అంతే ఉందని నా నమ్మకం. పీహెచ్‌డీ రోజుల్లో కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

హైదరాబాద్‌లో మా ల్యాబ్‌కి బ్లడ్ బ్యాంకు నుంచి బఫీ కోట్ (రక్తంలో తెల్లకణాలు ఎక్కువగా ఉండే భాగం) సాయంత్రం పూట వచ్చేది. ఒక రోజు దాన్ని ఫైకాల్ (కణాలను సాంద్రతను బట్టి విడదీసే ద్రవం) మీద పోసి తిప్పి, తెల్లటి పొర తీసి, సీడీ14 బీడ్స్‌తో (మోనోసైట్ల మీది సీడీ14 ప్రోటీన్‌ని పట్టుకునే పూసలతో) మోనోసైట్లు వేరుచేసేసరికి క్యాంటీన్ కూడా మూసేశారు. సగం కణాలు మామూలు ప్లాస్టిక్ ప్లేట్లో, సగం మెత్తటి పాలీఎక్రిలమైడ్ జెల్ మీద వేశాను. రెండింటికీ ఫైబ్రోనెక్టిన్ (మ్యాట్రిక్స్‌లోని ఒక ప్రోటీన్) పూతే. ఒకే దాత రక్తం, ఒకే వయల్‌లోని ఎం-సీఎస్‌ఎఫ్ (మోనోసైట్లను మాక్రోఫేజ్‌లుగా, అంటే సూక్ష్మజీవుల్ని మింగే కణాలుగా మార్చే సైటోకైన్), ఒకే ఇంక్యుబేటర్. వారం తర్వాత చూస్తే ప్లాస్టిక్ మీదివి పెనం మీద దోసెల్లా పరుచుకున్నాయి. జెల్ మీదివి గుండ్రంగా ఒదిగి ఉన్నాయి. ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పైపొరలోని పదార్థం) ఇస్తే ప్లాస్టిక్ మీదివే టీఎన్‌ఎఫ్ (ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు పెంచే సైటోకైన్) ఎక్కువ వదిలాయి. "సైటోకైన్ ఎక్కువతక్కువలు పడుంటుందమ్మా, మళ్లీ చెయ్యి" అన్నారు మా సార్. వేరే దాత రక్తంతో మళ్లీ చేశాను. అదే ఫలితం. అప్పుడు సార్ కుర్చీ లాక్కుని చాలాసేపు మైక్రోస్కోప్ వదల్లేదు.

ప్లాస్టిక్ బిరుసు గిగాపాస్కల్స్‌లో, ఊపిరితిత్తిది కిలోపాస్కల్స్‌లో. లక్షల రెట్ల తేడా! కణం తన ఇంటిగ్రిన్లతో (మ్యాట్రిక్స్‌ని పట్టుకునే, కణం మీది ప్రోటీన్లతో) కొలాజెన్‌నో ఫైబ్రోనెక్టిన్‌నో పట్టుకుని లాగి చూస్తుంది. అది లొంగకపోతే లోపల యాక్టిన్ (కణానికి అస్థిపంజరంలాంటి పోగులు) బిగుసుకుంటుంది, వైఏపీ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి చేరి కొన్ని జన్యువులను లేపుతుంది. 2013లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, అర్వైన్ వాళ్లు సన్నటి గీతల నమూనా మీద మాక్రోఫేజ్‌లను పొడవుగా సాగేలా పెంచారు. సైటోకైన్ చుక్క కూడా వెయ్యకుండానే ఆర్జినేస్-1 అనే ఎంజైమ్ పెరిగి, అవి మరమ్మతు చేసే ఎం2 రకం వైపు మళ్లాయి. యాక్టిన్ పోగుల్ని మయోసిన్ అనే ప్రోటీన్ లాగే లాగుడుని మందుతో ఆపితే ఆ మార్పూ పోయింది. ఇంతకన్నా ఏం రుజువు కావాలి?

మ్యాట్రిక్స్‌లోని చక్కెర గొలుసు, హయలురోనన్ సంగతీ చెప్పాలి. పొడవాటి గొలుసుగా ఉన్నప్పుడు అది ఫాక్స్‌పీ3 అనే ప్రోటీన్ ఉన్న రెగ్యులేటరీ టీ కణాలకు (రోగనిరోధక స్పందనని అదుపులో పెట్టేవాటికి) అండగా ఉంటుంది. గాయమై ముక్కలైతే అదే ఇన్‌ఫ్లమేషన్ రేపుతుంది. అయితే ఎండోటాక్సిన్ (పైన చెప్పిన ఎల్‌పీఎస్సే) కలిసి ఉందో లేదో చూడకుండా ఈ ముక్కల మీద పేపర్లు రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ కల్తీ ఒక్కటి చాలు, మాక్రోఫేజ్ రెచ్చిపోవడానికి.

ఇక మన దేశంలో ఈ పని చేయడం ఎంత కష్టమో! మాట్రిజెల్ (కణాలు పెంచడానికి కొనే మ్యాట్రిక్స్ జెల్) ఫ్రీజింగ్‌లోనే రావాలి, పది డిగ్రీలు దాటితే గడ్డకడుతుంది. డ్రై ఐస్ అంతా ఆవిరైపోయాక తెచ్చిచ్చాడు ఓ కొరియర్ మనిషి, సీసాలోనే బిగుసుకుపోయింది. నెలల తరబడి ఎదురుచూసిన సరుకు చెత్తబుట్టలోకి.

పాఠ్యపుస్తకాలదీ తప్పుంది. తెల్ల కాగితం మీద ఒక కణం, దాని మీదకు సైటోకైన్ల బాణాలు. చుట్టూ ఏమీ లేనట్టు గీస్తే పిల్లలకి మ్యాట్రిక్స్ ఎలా గుర్తొస్తుంది?

మీరు థీసిస్ కోసం అడుగుతుంటే, ప్లేటు దేనితో చేసింది, పూత ఏమిటి, జెల్ ఎంత బిరుసు అన్నవి మెథడ్స్‌లో తప్పకుండా రాయండి. వేరే ల్యాబ్ ఫలితంతో మీది కలవకపోతే సైటోకైన్ లాట్ నంబర్ కన్నా ముందు వాళ్ల ప్లేటేమిటో కనుక్కోండి.