సీకే20 పాజిటివ్ వచ్చినంత మాత్రాన కార్సినోమా ఇన్ సైటూ అనేయొచ్చా?

మూత్రాశయపు ముక్క స్లైడ్‌లో వాపే కనిపిస్తున్నా సీకే20 (కణాల్లోని ఒక ప్రోటీన్‌ను రంగుతో చూపే పరీక్ష) పాజిటివ్ వచ్చింది, ఇది కార్సినోమా ఇన్ సైటూ (లోపలి పొర దాటి లోతుకు దిగని క్యాన్సర్) అనుకోవాలా అన్నారు కదా, మీరు చూస్తున్నది బహుశా అంబ్రెల్లా కణాల రంగే. మూత్రాశయపు లోపలి పొరలో అన్నిటికంటే పైనుండే ఈ కణాలు ఆరోగ్యంగా ఉన్నా సీకే20 పట్టుకుంటాయి, కాబట్టి ఉత్త "పాజిటివ్" అన్న మాటతో ఏమీ తేలదు.

1. రంగు ఎంత లోతుకు దిగిందో చూడండి. అందరూ వదిలేసేది ఇదే. పై వరుసలోనే ఆగితే మామూలే, అడుగు దాకా అన్ని వరుసల్లో ఉంటే అనుమానించాలి. ముక్క ఏటవాలుగా తెగితే పై కణాలే నాలుగైదు వరుసల్లా కనిపించి మోసం చేస్తాయి (నేనూ ఒకసారి బోల్తాపడ్డాను), అందుకే అడుగు పొర స్పష్టంగా ఉన్న చోటే చదవండి.

2. పక్కనే సీడీ44 (ఇలాంటిదే ఇంకో ప్రోటీన్ రంగు) పెట్టి చూడండి. వాపు వల్ల వచ్చిన మార్పైతే అది పొరంతా నిండుతుంది, కార్సినోమా ఇన్ సైటూలో సాధారణంగా పోతుంది, లేదా అడుగున కాస్త మిగులుతుంది.

3. పీ53 (కేంద్రకాల్లో కనిపించే మూడో ప్రోటీన్ రంగు) అక్కడక్కడా పలచగా ఉంటే టెన్షన్ వద్దు. కేంద్రకాలన్నీ ముదురుగా ఉన్నా, ఒక్కటీ రంగు పట్టకపోయినా తేడానే.

4. మూడూ పొంతన కుదరకపోతే మళ్లీ హెచ్ అండ్ ఈ (మామూలుగా వేసే గులాబీ-ఊదా రంగు) స్లైడే: కేంద్రకం పక్కనున్న లింఫోసైట్‌కు (ఒక రకం చిన్న తెల్లరక్త కణం) 4-5 రెట్లు ఉందా? ఉంటే కార్సినోమా ఇన్ సైటూ అని అనుమానించాలి.