వేసవి సెలవుల్లో వాలంటీర్‌గా వెళ్తే నిజంగా ఎవరికైనా పనికొస్తామా?

డిగ్రీ రెండో ఏడు చదువుతున్నానని, ఈ వేసవిలో ఎక్కడైనా వాలంటీర్‌గా చేరాలనుందని రాశారు. ఇంట్లోవాళ్లేమో ఇంటర్న్‌షిప్ చెయ్యమంటున్నారని, అసలు మనం వెళ్తే ఎవరికైనా ఉపయోగమా, లేక రెజ్యూమెలో ఒక లైను కోసమేనా అని అడిగారు. నేను ఇంజినీరింగ్ చదివేటప్పుడు రెండు వేసవులు ఇలాగే గడిపాను. ఒకటి పిల్లలకు చదవడం నేర్పే శిబిరంలో, ఇంకోటి ఒక ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో. పనికొస్తారు. కాకపోతే మీరు ఇప్పుడు ఊహించుకుంటున్న పనికి కాదు, అంతకంటే చాలా చిన్న పనికి.

శిబిరం ఒక స్వచ్ఛంద సంస్థది. బడికి వెళ్తున్నా చదవడం రాని పిల్లల్ని సెలవుల్లో రోజూ పొద్దున కూర్చోబెట్టి చదివించాలి. నేను వెళ్తూనే సైన్స్ ప్రయోగాలు, క్విజ్, చివర్లో ఒక నాటిక అని పెద్ద ప్లాన్ రాసుకుపోయాను. శిబిరం నడిపే ఆవిడ ఆ కాగితాలన్నీ ఓపిగ్గా చూసి, "బాగున్నాయమ్మా, ముందు ఆ పుస్తకాలకు అట్టలు వేసిపెట్టు" అన్నారు. మొదట్లో నా పని అదే. అట్టలు వేయడం, రిజిస్టరులో పేర్లు ఎక్కించడం, ఆవిడ పిల్లలతో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని వినడం. ఇందుకా వచ్చింది అని చిరాకు పడ్డ మాట నిజం. కానీ ఏ పిల్లవాడు ఎందుకు నోరు విప్పడో, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదో, ఏ పాప తమ్ముణ్ని ఎత్తుకుని రావడం వల్ల రోజూ ఆలస్యమవుతుందో అలా కూర్చున్నప్పుడే తెలిసింది.

తర్వాత పిల్లలు ఎంతవరకు చదవగలరో చూడమన్నారు. పల్లెల్లో పిల్లలు ఎంతవరకు చదవగలరో, లెక్కలు చేయగలరో చూడటానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే గురించి వినే ఉంటారు. అందులో వాడే పరీక్ష ఒక్క కాగితమే. అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, అంతే. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివించాలి, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. నా దగ్గరికి వచ్చిన ఐదో తరగతి అబ్బాయి వర్ణమాల మొత్తం గడగడా అప్పజెప్పాడు. తీరా "ఘ" మీద వేలు పెట్టి ఇదేంటి నాన్నా అంటే, పెదాలు కదుపుతూ "క" దగ్గర నుంచి వరసగా వచ్చాక గానీ చెప్పలేకపోయాడు. గుణింతాలూ అంతే. పాటలా వచ్చు, పుస్తకంలో "కొ"కీ "కో"కీ తేడా మాత్రం కంటికి ఆనదు. ఇక ఒత్తు కనబడితే బండి అక్కడే ఆగిపోతుంది. వాడికి ఐదో తరగతి పాఠం చెప్పి ఏం లాభం?

అందుకే అక్కడ తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి గుంపులు చేస్తారు. పెద్దపిల్లలకు చిన్నవాళ్లతో కూర్చోవడం నామోషీ. ఆ ఇబ్బంది తీర్చడానికి పలకలు పంచడం, హాజరు పిలవడం లాంటి పెత్తనాలు వాళ్లకు అప్పగించేవాళ్లం. నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. పిల్లలు ఏదైనా ఒక మాట చెబుతారు, నేను దాన్ని బోర్డు మీద ఉన్నదున్నట్టు రాస్తాను, చెప్పినవాళ్లే చదవాలి. "మా పిల్లి మంచం కింద పిల్లల్ని పెట్టింది" అని ఒక పాప చెప్పింది. చివర గుడి ఉంటే పిల్లి, తీసేస్తే పిల్ల అని అందరూ ఎగబడి చెరిపి, రాసి, మళ్లీ చెరిపి, ఆ పూటంతా దానితోనే గడిచింది. తను చెప్పిన వాక్యమే కాబట్టి చదవడానికి ఆ పాపకు భయం లేదు. నేను రాసుకుపోయిన ప్లాన్లలో ఇలాంటిది ఒక్కటీ లేదు లెండి.

శిక్షణ లేని మనలాంటి వాళ్లు నేర్పితే పిల్లలకు చదవడం వస్తుందా అన్న అనుమానం సహజం. దీని మీద ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరికొందరు కలిసి చేశారు. కొద్దిపాటి శిక్షణతో ఊళ్లోని వాలంటీర్లే బడి వేళల బయట చదవడం నేర్పితే, అక్షరం కూడా రాకుండా వచ్చిన పిల్లలు కనీసం అక్షరాలు గుర్తుపట్టే స్థాయికి చేరారు. అయితే ఆ ఊళ్ల పిల్లల్లో ఆ తరగతులకు వచ్చినవాళ్లు పదోవంతు కూడా లేరు. ఆ రెండో సంగతి వాలంటీర్లకు ఎవరూ ముందుగా చెప్పరు. మా దగ్గర కూడా నేర్పడం కంటే రప్పించడమే కష్టమైంది. కొందరు చుట్టాలిళ్లకు వెళ్లిపోతారు, కొందరు ఇంట్లో చంటివాళ్లను చూసుకోవాలి, కొందరు నాలుగు రోజులు వచ్చి విసుగెత్తి మానేస్తారు. తమ్ముళ్లను, చెల్లెళ్లను తీసుకొచ్చేవాళ్ల కోసం వెనకాల ఒక చాప పరిచి బొమ్మలు పెట్టాం. నాకు తెలిసి ఆ శిబిరంలో అన్నిటికంటే తెలివైన ఏర్పాటు ఆ చాపే. వాలంటీర్లలో ఒకరు వంతులవారీగా దాని దగ్గర కూర్చునేవారు. ఫోటోల్లో పడని పని కాబట్టి దానికి పోటీ ఉండేది కాదు.

సెలవుల్లోనే ఎందుకు ఈ హడావుడి అంటారేమో. దీర్ఘ సెలవుల తర్వాత పిల్లలు నేర్చుకున్నది కొంత మరిచిపోయి వస్తారని టీచర్లందరికీ తెలుసు. అమెరికాలో హ్యారిస్ కూపర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1996లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసి, ఆ నష్టం సగటున ఒక నెల చదువంత ఉంటుందని లెక్కకట్టారు. కొత్తగా ఏమీ నేర్పకపోయినా, వచ్చింది జారిపోకుండా చూసినా మన వేసవి వృథా కాదు.

మానేసేది పిల్లలే కాదు, వాలంటీర్లు కూడా. మొదటివారం ఉత్సాహం చెప్పనక్కర్లేదు. గ్రూపులో మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. సెలవులు సగానికి వచ్చేసరికి ఒకరికి జ్వరం, ఒకరికి కజిన్ పెళ్లి, ఇంకొకరు చెప్పకుండానే మాయం. పెళ్లికి వెళ్లొద్దని ఎవరూ అనరు. కానీ చెప్పకుండా మానేసినవాళ్ల గుంపులోని పిల్లలు మాత్రం గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు. "ఆ అక్క రాదా?" అన్న ప్రశ్నకు నేనే జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. మీకు నెలంతా వీలుకాకపోతే పది రోజులే వస్తానని ముందే చెప్పండి. పది రోజుల మనిషికి సరిపడే పని ఎక్కడైనా ఉంటుంది.

రెండో వేసవి ఆసుపత్రిలో. హెల్ప్ డెస్క్ అంటే ఒక బల్ల, రెండు కుర్చీలు. చీటీ ఎక్కడ రాయించుకోవాలి, రక్తపరీక్ష గది ఎటు, ఈ కాగితం మీద ఏం రాసుంది, సంతకం ఎక్కడ పెట్టాలి... రోజంతా ఇవే ప్రశ్నలు. వీల్‌చైర్ తోయడం, చదవడం రానివాళ్లకు ఫారాలు నింపిపెట్టడం కూడా మా పనే. రోగుల వివరాలు బయట ఎక్కడా మాట్లాడకూడదు, మందుల గురించి ఎవరైనా అడిగితే మన తెలివి చూపించకుండా నర్సు దగ్గరికి తీసుకెళ్లాలి అని మొదటిరోజే గట్టిగా చెప్పారు. సాయంత్రానికి కాళ్లు పీకేవి. అక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, జబ్బు భయం ఒకెత్తు, ఎటు వెళ్లాలో తెలియని టెన్షన్ ఒకెత్తు. పెద్దాయన ఒకాయన ముందు తప్పు లైన్లో నిలబడి, తన వంతు వచ్చాక ఇక్కడ కాదని తెలుసుకుని, ఇంకో లైను చివరికి వెళ్లి మళ్లీ నిలబడేవారు. అదంతా ఎవరినీ ఒక్క మాట అనకుండా.

మాతో ఉన్న ఒకబ్బాయి ఎవరు ఏం అడుగుతున్నారో ఒక నోట్‌బుక్‌లో గీతలు గీస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. చూస్తే ఎక్కువ ప్రశ్నలు తిరిగి తిరిగి అవే. ఆ జాబితా తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చాం. సెలవులు అయ్యేలోపే రెండు మలుపుల దగ్గర బాణం గుర్తులతో పెద్దక్షరాల బోర్డులు పెట్టారు, మా బల్ల దగ్గర రద్దీ తగ్గింది. ఆ వేసవిలో నేను నింపిన ఫారాలన్నిటికంటే ఆ నోట్‌బుక్కే ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం. మనం కాలేజీకి వెళ్లిపోయాక అక్కడ ఏం మిగులుతుందో చూసుకోవడం అంటే ఇదే.

వద్దని గట్టిగా చెప్పేది ఒకటుంది. కొద్దిరోజుల కోసం అనాథాశ్రమాలకు వెళ్లి పిల్లలతో గడిపే కార్యక్రమాలు. నా రూమ్మేట్ ఒక వేసవి అలా వెళ్లింది. చివరిరోజు ఒక చిన్నది చున్నీ పట్టుకుని వదల్లేదట, ఆ సంగతి చెప్పినప్పుడల్లా నా రూమ్మేట్ గొంతు పూడుకుపోతుంది. తనకు ప్రేమ లేక కాదు, ఆ పిల్లకు అలా వచ్చిపోయినవాళ్లు అప్పటికే ఎందరో. చాలా దేశాల్లో ఇలాంటి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. సందర్శకులు, విరాళాలు వస్తున్నాయి కాబట్టే పిల్లల్ని పోగుచేసే చోట్లు కూడా ఉన్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం బాలల హక్కులపై చేసిన తీర్మానంలో, పర్యాటకం పేరుతో సాగే ఇలాంటి వాలంటీరింగ్ పిల్లల అక్రమ రవాణాకు, దోపిడీకి దారితీయగలదని ప్రత్యేకంగా రాశారు. అక్కడి సిబ్బందికి లెక్కల్లోనో కంప్యూటర్ పనిలోనో సాయం చేయండి, తప్పులేదు. పిల్లలకు కొత్త మనిషిని అలవాటు చేసి వెళ్లిపోవద్దు.

మెక్సికోలో ఉంటూ రాసిన ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు 1968లో, వేసవి సేవ కోసం మెక్సికో వెళ్లే అమెరికా విద్యార్థుల ముందే నిలబడి వాళ్లను కడిగిపారేశారు. చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, మా కొండలెక్కడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దు అన్నది ఆయన మాటల సారం. భాష రాదు, అక్కడి బతుకు తెలియదు, ఏం సాయం చేస్తారని ఆయన కోపం. అందులో సగం ఒప్పుకుంటాను. మిగతా సగానికి జవాబు అంతకు నాలుగేళ్ల ముందే, 1964 వేసవిలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో కనిపిస్తుంది. నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించడానికి, పిల్లలకు ఫ్రీడమ్ స్కూళ్లు నడపడానికి వందలమంది కాలేజీ విద్యార్థులు వెళ్లారు. మొదలైన కొద్దిరోజులకే ముగ్గురు కార్యకర్తలు హత్యకు గురయ్యారు, అయినా ఆ పని ఆగలేదు. విద్యార్థుల్ని ఎంచుకునేటప్పుడు, పేరు కోసం వచ్చేవాళ్లను, అక్కడి నాయకుల మాట వినలేనివాళ్లను ఏరేయమని ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ముందే చెప్పారు. మనం వెళ్లే చోటికి అంత ప్రమాదం లేదు, కానీ ఆ వడపోత మాత్రం ఇప్పటికీ సరైనదే. శిబిరంలో ఆవిడ నాతో అట్టలు వేయించింది కూడా అందుకేనేమో అని తర్వాత తట్టింది.

సంస్థను ఎంచుకునేటప్పుడు మొహమాటపడకుండా అడగండి. నేను వెళ్లాక ఈ పని ఎవరు చూస్తారు? నాకు పని చెప్పేది ఎవరు, ఆ మనిషి రోజూ అక్కడ ఉంటారా? పిల్లలతో పనైతే ఫోటోల విషయంలో, ఒంటరిగా ఉండే విషయంలో రూల్స్ ఏమిటి? వీటికి తడుముకునేచోట చేరకండి. మీ గురించి ఏమీ అడక్కుండా వెంటనే రమ్మనేచోటు కూడా నాకు అనుమానమే. మీ దగ్గరే పెద్ద మొత్తం ఫీజు తీసుకుని "సేవా యాత్ర"కు తీసుకెళ్తామనేవాళ్లు నడిపేది యాత్రే. సరదాకైతే వెళ్లండి, పేరు మాత్రం అదే పెట్టుకోండి.

రెజ్యూమె గురించి అడిగినందుకు సిగ్గుపడకండి. సర్టిఫికెట్ తీసుకోండి, తప్పేముంది. కాకపోతే నా ఇంటర్వ్యూల్లో దాన్ని ఎవరూ తిప్పి కూడా చూడలేదు. నోట్‌బుక్, బోర్డుల కథ చెప్పినప్పుడు మాత్రం ఆగి ప్రశ్నలు వేశారు. ఏం గమనించారు, ఎవరిని ఒప్పించాల్సి వచ్చింది, ఒప్పుకోకపోతే ఏం చేసేవారు అని. అందుకే రోజూ రాత్రి రెండు లైన్లు రాసుకోండి. నెల తర్వాత గుర్తుంటుందనుకుంటాం, ఉండదు.

ఇంట్లోవాళ్ల మాటా కొట్టిపారేయకండి. ఇంటర్న్‌షిప్ సగంపూటదైతే పొద్దున శిబిరానికి వెళ్లి మధ్యాహ్నం అది చేసుకోవచ్చు, నాతో ఉన్నవాళ్లు ఇద్దరు అలాగే నెట్టుకొచ్చారు. రోజంతా అయితే శని, ఆదివారాలకు మాత్రమే మనుషులు కావాల్సిన లైబ్రరీలు, రక్తదాన శిబిరాలు, దృష్టిలోపం ఉన్న విద్యార్థుల కోసం పాఠాలు చదివి రికార్డు చేసే పనులు వెతకండి. ఆ చివరిది ఇంట్లో కూర్చుని కూడా చేయొచ్చు, ఫ్యాను ఆపుకుని. ఏదైనా సరే పరీక్షలకు ముందే ఫోన్ చేసి మాట్లాడిపెట్టుకోండి. సెలవులు మొదలయ్యాక వెళ్తే శిక్షణ అప్పటికే అయిపోయి ఉంటుంది.