గాయపడినవారు ఎలా అరుస్తారు?

ప్రశ్న: హనుమకొండలో నాటకాలు వేస్తుంటాను. విపత్తు మాక్‌డ్రిల్‌లో బస్సు ప్రమాద బాధితుడిగా నటించమన్నారు. ఎంత గట్టిగా అరిస్తే అంత సహజంగా ఉంటుందా?

జవాబు: వద్దండీ. నాటకంలో చివరి వరుసకు వినిపించాలి. ఇక్కడ మీ ప్రేక్షకుడు ఒక్కడే, మీ మణికట్టు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్న సహాయకుడు. రక్తం బాగా పోయిన మనిషి సాధారణంగా కేకలు వేయడు, పాలిపోయి, చెమటలు పట్టి, నెమ్మదిగా, తడబడుతూ మాట్లాడతాడు. నుదుటి మీద నాలుగు గ్లిజరిన్ చుక్కలు చాలు.

ఇలా బాధితులుగా నటించడం నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చినవారితో ముందు శ్వాస లెక్కపెట్టిస్తాను. ఎవరికి ముందు చికిత్స అందాలో తేల్చడానికి 1983లో కాలిఫోర్నియాలో రూపొందించిన ‘స్టార్ట్’ పద్ధతిలో, నిమిషానికి 30 దాటి శ్వాసిస్తే ఎర్ర చీటీ కడతారు, అంటే వెంటనే చూడాల్సినవారని గుర్తు. మీరు 20 దగ్గరే ఆగితే, సరిగ్గా లెక్కపెట్టిన సహాయకుడికీ చీటీ తప్పుతుంది. అతని నేర్పు మీ ఊపిరి మీద ఆధారపడి ఉంది. అయితే అదే పనిగా వేగంగా పీలిస్తే నిజంగానే కళ్లు తిరుగుతాయి. అతను దగ్గరికి వచ్చాకే మొదలుపెట్టండి.

ఒకసారి మే నెల ఎండలో, వరంగల్ శివారున, మా బృందంలోని అమ్మాయి నిజంగానే స్పృహ తప్పింది. ‘ఎంత బాగా నటిస్తోందో’ అన్నారు చుట్టూ ఉన్నవారు. ఆ మాట ఇప్పటికీ నన్ను కలచివేస్తుంది. అప్పటి నుంచి, ఎవరైనా ‘ఇది నటన కాదు’ అంటే అది నిజమేనని ముందే అందరికీ చెప్పి ఉంచుతాను. మాట్లాడలేకపోతారేమోనని, ప్రతి ఇద్దరు ముగ్గురి మీద కన్నేసి ఉంచడానికి ఒకరిని నిలబెడతాను. మీ నిర్వాహకులను ఈ రెండూ అడగండి, మొహమాటపడకండి.

పాత చొక్కా వేసుకోండి. గాయం చూడటానికి కత్తెరతో కోస్తారు.