మంచం పక్కన స్కానింగు: పాఠకుల ప్రశ్నలకు వైద్యుని జవాబులు

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. చాలాకాలం బీడీలు తాగారు, బీపీ కూడా ఉంది. ఒక రాత్రి పడుకోలేనంత ఆయాసం రావడంతో కర్నూలుకు తీసుకువచ్చాము. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరుగారు ఫోనుకు తగిలించిన చిన్న పరికరాన్ని ఛాతీ మీద, పక్కటెముకల మీద కొన్ని నిమిషాలు ఆనించి చూసి, ఎక్స్‌రే రాకముందే నీరు తీసే ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లవారేసరికి ఆయాసం తగ్గింది. అయితే స్కానింగు గదికి తీసుకువెళ్లలేదు, రిపోర్టు కాగితమూ ఇవ్వలేదు. దీన్ని స్కానింగు అనవచ్చా? నమ్మవచ్చా?
— ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: అది స్కానింగే. స్కానింగు గదిలోని పెద్ద యంత్రం ఎలాంటి శబ్దతరంగాలను పంపుతుందో ఆ చిన్న పరికరమూ అలాంటివే పంపుతుంది. బొమ్మ నాణ్యతలో కొంత తేడా ఉన్నమాట నిజమే గాని, అసలైన తేడా దాన్ని ఎందుకు వాడుతున్నారన్న దానిలో ఉంది. రేడియాలజిస్టు పొట్ట స్కానింగు చేసేటప్పుడు కాలేయం మొదలుకొని మూత్రాశయం వరకు ప్రతి అవయవాన్నీ పరిశీలించి, కొలవవలసినవి కొలిచి, చూసినదంతా రాసి ఇస్తారు. మంచం దగ్గర నిలబడిన వైద్యుడు అలా అన్నీ వెదకడు. రోగిని పరీక్షించాక తన మనసులో మిగిలిన ఒక్క సందేహానికి అవునో కాదో తేల్చుకోవడానికే చూస్తాడు. ఆ సందేహం ముందే స్పష్టంగా లేకుండా ప్రోబ్ (ఒంటి మీద ఆనించే ఆ పరికరం) చేతిలోకి తీసుకుంటే తెర మీద కనిపించే ప్రతి నీడా కొత్త అనుమానానికి దారి తీస్తుందే తప్ప రోగికి ఒరిగేది ఉండదు.

మీ నాన్నగారి విషయంలో సందేహం ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఏళ్ల తరబడి బీడీ తాగినవారికి ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుపోయి ఆయాసం రావచ్చు. బీపీ ఉన్నవారికి గుండె బలహీనపడి, రక్తం వెనక్కు తన్ని, ఊపిరితిత్తుల లోపల నీరు చేరి ఆయాసం రావచ్చు. రెండింటిలోనూ మనిషి పడుకోలేడు, రెండింటిలోనూ స్టెతస్కోపులో పిల్లికూతలు వినిపించవచ్చు. మందులు మాత్రం వేరు. మొదటిదానికి నెబ్యులైజరు, స్టెరాయిడు ముఖ్యం. రెండోదానికి నీరు తీసే ఇంజెక్షన్, బీపీని దించే మందు ముఖ్యం. అర్ధరాత్రి ఎక్స్‌రే కోసం అరగంట ఆగవలసివస్తే ఆ అరగంటే ప్రమాదకరం కావచ్చు.

శబ్దతరంగాలు గాలిలోంచి చొచ్చుకుపోలేవు గనుక ఊపిరితిత్తులు స్కానింగుకు పనికిరావని వైద్యులు చాలాకాలం నమ్మారు. ఆ అడ్డంకినే ఆధారంగా మలచుకోవచ్చని చూపినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సుకు చెందిన డాక్టర్ డానియెల్ లిక్టెన్‌స్టైన్. ఆయాసంతో వచ్చిన రోగి ఛాతీని ఏ వరుసలో చూడాలో, ఏది కనిపిస్తే ఏ జబ్బును అనుమానించాలో ఆయన బృందం 2008లో ఒక పద్ధతిగా ప్రచురించింది. ఊపిరితిత్తి గాలితో నిండి ఉంటే తరంగాలు దాని పైపొర దగ్గరే వెనుదిరిగి, తెర మీద సమాన దూరాల్లో అడ్డగీతలు కనిపిస్తాయి. లోపల నీరు చేరితే పైపొర నుంచి తెర అడుగుదాకా తెల్లని నిలువు చారలు దిగుతాయి, ఊపిరితోపాటే కదులుతాయి. రెండు పక్కటెముకల సందులో అలాంటి చారలు మూడుగాని అంతకంటే ఎక్కువగాని ఉండి, ఛాతీకి రెండువైపులా పలుచోట్ల అదే తీరు కనిపిస్తే, గుండె కారణంగా నీరు చేరిందన్న అనుమానం బాగా బలపడుతుంది. మీ డాక్టరుగారు చూసింది బహుశా ఇదే.

నమ్మవచ్చా అంటే, మిగతా లక్షణాలతో కలిపి చూసినప్పుడు నమ్మవచ్చు. న్యుమోనియాలోనూ, ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బుల్లోనూ ఆ నిలువు చారలే కనిపిస్తాయి. అందువల్ల అనుభవమున్న వైద్యులు చారలను మాత్రమే లెక్కపెట్టి ఊరుకోరు. కాళ్ల వాపు, మెడ నరం ఉబ్బు, బీపీ, జ్వరం ఉందా లేదా అన్నది చూసి, అదే ప్రోబ్‌ను గుండె మీదికి జరిపి అది ఎంత బలంగా ముడుచుకుంటున్నదో కూడా గమనిస్తారు. ఊపిరితిత్తి చుట్టూ పొరల మధ్య చేరే నీరు మరొక సంగతి. మన ప్రాంతంలో ఒక పక్కనే అలా నీరు చేరితే ముందుగా క్షయను అనుమానిస్తాము. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడాలంటే ఆ నీరు సుమారు 200 మిల్లీలీటర్లు ఉండాలి, స్కానింగులో అంతకంటే చాలా తక్కువ ఉన్నా నల్లగా తెలిసిపోతుంది. దాన్ని సూదితో తీసేటప్పుడు కూడా ఎక్కడ గుచ్చాలో స్కానింగుతో చూసి గుచ్చడమే క్షేమం.

రిపోర్టు కాగితం సంగతి. ఇలాంటి పరీక్షకు రేడియాలజీ విభాగం ఇచ్చే తరహా రిపోర్టు ఉండకపోవచ్చు, కాని ఏ సమయానికి, ఏ సందేహంతో చూశారో, ఏమి కనిపించిందో కేసు షీటులో రెండు వాక్యాలైనా ఉండాలి. చూడటంలో చూపే శ్రద్ధ రాయడంలో చూపకపోవడం మన ఆసుపత్రులలో కనిపించే లోపమని నా అభిప్రాయం. ఉదయం డ్యూటీ మారాక వచ్చే వైద్యునికి ఆ రెండు వాక్యాలే ఆధారం. మీ నాన్నగారికి గుండె నిపుణునిచేత పూర్తి ఎకో పరీక్ష ఇంకా చేయించకపోతే తప్పక చేయించండి. ఆ రాత్రి చూసినది దానికి బదులు కాదు.

ప్రశ్న: మా బావమరిది గుత్తి దగ్గర జాతీయ రహదారి మీద బైకు మీదినుంచి పడ్డాడు. అనంతపురంలో క్యాజువాలిటీలోనే పొట్ట స్కానింగు చేసి ఏమీ లేదన్నారు. సాయంత్రానికి కడుపునొప్పి ఎక్కువై సీటీ స్కాన్ తీస్తే ప్లీహం చిట్లిందని తేలింది. మొదటి స్కానింగు తప్పు చేసినట్టేనా?
— ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: మీరు రాసినదాన్నిబట్టి తప్పు అని చెప్పలేము. ప్రమాదంలో గాయపడినవారికి వచ్చిన వెంటనే చేసే స్కానింగు నాలుగు చోట్లకే పరిమితం: కాలేయానికీ కుడి మూత్రపిండానికీ నడుమ, ప్లీహానికీ ఎడమ మూత్రపిండానికీ నడుమ, మూత్రాశయం చుట్టూ, గుండె చుట్టూ. వెల్లకిలా పడుకున్న మనిషికి పొట్టలో రక్తం కారితే అది పల్లపు చోట్లకు చేరుతుంది గనుక అక్కడ నల్లని చార కోసం వెదుకుతారు. ఇప్పుడు చాలాచోట్ల ఛాతీని కూడా చూసి, ఊపిరితిత్తి పైపొర ఊపిరితో జారుతున్నదా లేదా అన్నదాన్నిబట్టి పొరల మధ్య గాలి చేరిందేమో కనిపెడుతున్నారు.

ఈ పరీక్ష వెదికేది కారిన రక్తాన్ని. చిట్లిన అవయవాన్ని కాదు. పొట్టలో సుమారు 200 మిల్లీలీటర్ల రక్తమైనా చేరకముందు అది కంటబడటం కష్టం. ప్లీహం చిట్లినా రక్తం దాని పైపొర లోపలే నిలిచి ఉంటే నల్లని చార అసలే కనిపించదు. పేగుకు తగిలిన దెబ్బ, క్లోమానికి తగిలిన దెబ్బ, వెన్ను పక్కన కారే రక్తం దీనికి దాదాపుగా అందవు. కనుక రక్తం కనిపించిందంటే ఆ మాటకు విలువ ఎక్కువ, కనిపించలేదంటే ఆ మాట ఆ నిమిషానికి మాత్రమే చెల్లుతుంది. బీపీ పడిపోతున్న మనిషి పొట్టలో రక్తం కనిపిస్తే సీటీ కోసం ఆగకుండా నేరుగా ఆపరేషన్ థియేటరుకు తీసుకువెళ్లగలగడమే ఈ పరీక్ష వల్ల కలిగిన అతిపెద్ద మేలు. బీపీ నిలకడగా ఉన్నవారికి సీటీ అవసరం తీరదు. ఆలోగా నాడి, బీపీ, కడుపునొప్పి గమనిస్తూ స్కానింగును మళ్లీ మళ్లీ చేయాలి. మీవాడిని సాయంత్రం దాకా ఉంచుకుని సీటీ తీయించారంటే వారు ఆ జాగ్రత్త తీసుకున్నట్టే. స్కానింగులో ఏమీ లేదన్నారుగదా అని ఇంటికి పంపమంటూ బంధువులు పట్టుబట్టడం తరచుగా చూస్తుంటాము. ఇప్పటికి రక్తం కనిపించలేదు, మళ్లీ చూస్తాము అని వైద్యులు మొదటే వివరంగా చెప్పి ఉంటే ఆ పట్టుదల చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు, డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు మరీ పడిపోకపోయినా డాక్టరుగారు రోజూ మంచం దగ్గరే పొట్ట, ఛాతీ స్కానింగు చేస్తున్నారు. ఇన్నిసార్లు చేస్తే పిల్లవాడికి హాని కాదా?
— ఒక తల్లి, కడప

జవాబు: హాని లేదమ్మా. ఇది ఎక్స్‌రే కాదు. మన చెవికి వినిపించే శబ్దం సెకనుకు 20,000 కంపనాల దగ్గర ఆగిపోతుంది, ఈ పరీక్షలో వాడేది సెకనుకు లక్షల కంపనాల శబ్దం. అవసరం మేరకు కొద్ది నిమిషాలు చూసినందువల్ల పిల్లలకు కీడు జరగదు.

డెంగీలో అందరి దృష్టీ ప్లేట్‌లెట్ల లెక్క మీదే ఉంటుంది గాని, తరచుగా ప్రాణం మీదికి తెచ్చేది సన్నని రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరిపోవడం. అది సాధారణంగా జ్వరం తగ్గుముఖం పట్టే సమయంలో, అంటే మూడు నుంచి ఏడో రోజు మధ్య జరుగుతుంది. అప్పుడు పిత్తాశయం గోడ ఉబ్బుతుంది, పొట్టలోనూ, ఛాతీకి ముఖ్యంగా కుడివైపునా నీరు చేరుతుంది. ఇవి ఎక్స్‌రేలో తేలకముందే స్కానింగులో కనిపించవచ్చు. సెలైన్ తక్కువైతే బీపీ పడిపోతుంది, ఎక్కువైతే అదే నీరు ఛాతీలో చేరి ఆయాసం తెస్తుంది. ఆ కొలత తప్పకుండా ఉండేందుకే మీ డాక్టరుగారు బీపీ, మూత్రం, రక్తం చిక్కదనంతోపాటు దీన్నీ రోజూ చూస్తున్నారు. పిత్తాశయం ఉబ్బిందన్నంత మాత్రాన ఆపరేషన్ అవసరమేమోనని బెంగపడవద్దు, జబ్బుతోపాటే అదీ తగ్గుతుంది. అన్నం తిన్న తరువాత కూడా ఆ గోడ మందంగా కనిపిస్తుంది గనుక బాబు ఎప్పుడు తిన్నాడో అడిగితే సరిగ్గా చెప్పండి. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, మూత్రం తగ్గడం, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే స్కానింగు వేళ కోసం చూడకుండా వెంటనే నర్సుకు చెప్పండి.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సును. నరం దొరకని రోగులకు స్కానింగు సాయంతో క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించే సన్నని గొట్టం) పెట్టడం మేమూ నేర్చుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: నేర్చుకోవచ్చు, మీ ఆసుపత్రి అనుమతి, శిక్షణ ఉంటే. మెడలోని పెద్ద సిరకు గొట్టం వేసేటప్పుడు స్కానింగు వాడాలని వైద్యానికి మార్గదర్శకాలు రూపొందించే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2002లోనే సిఫారసు చేసింది. చేతి నరాలకు పైపైన ఉన్నవాటిని స్పష్టంగా చూపే లీనియర్ ప్రోబ్ కావాలి. మెత్తగా నొక్కితే అణిగిపోయేది సిర, అణగకుండా కొట్టుకునేది ధమని. ముందు ఈ రెండింటినీ వేరుచేయడం చేతికి అలవాటు కావాలి. సూది మొన తెర మీద కనిపించనంతసేపు ముందుకు తోయకండి. ప్రోబ్‌కు తొడుగు, శుద్ధమైన జెల్ తప్పనిసరి.

ప్రశ్న: ఎంబీబీఎస్ చేసి చిన్న నర్సింగు హోమ్ నడుపుతున్నాను. ఆయాసం, పొట్టలో నీరు, మూత్రం బిగింపు చూసుకోవడానికి జేబులో పట్టే స్కానింగు పరికరం కొనాలని ఉంది. గర్భిణులను చూడను. అయినా రిజిస్ట్రేషన్ కావాలా?
— ఒక వైద్యుడు, జమ్మలమడుగు

జవాబు: కావాలి. గర్భస్థ లింగనిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం, గర్భంలోని బిడ్డ ఆడో మగో చూపగల ఏ యంత్రానికైనా వర్తిస్తుంది. మీరు దాన్ని దేనికి వాడదలచుకున్నారన్నది కాదు, అది ఏమి చూపగలదన్నదే లెక్క. పరిమాణాన్నిబట్టి మినహాయింపు లేదు. రిజిస్టరు కాని చోటికి యంత్రాన్ని అమ్మడమే నేరం. ఎక్కడికైనా తీసుకువెళ్లగల యంత్రాలపై 2012లో నిబంధనలు మరింత బిగించారు: రిజిస్టరైన ఆవరణలో ఇన్‌పేషెంట్ల కోసంగాని, ఇతర వైద్యసేవలు కూడా అందించే సంచార వైద్య వాహనంలో భాగంగాగాని వాడాలే తప్ప, జేబులో వేసుకుని ఊరూరా తిరిగి చూడటానికి వీల్లేదు. పోస్టుగ్రాడ్యుయేషన్ లేని ఎంబీబీఎస్ వైద్యులకు 2014 నాటి నియమాల ప్రకారం ఆరునెలల శిక్షణ అవసరం. వైద్యం చేసే చేతికి ఈ చట్టం అడ్డుపడుతున్నదని యువ వైద్యులు విసుక్కోవడం నాకు తెలుసు. ఆడపిల్లలను గర్భంలోనే తుడిచిపెట్టిన యంత్రం ఇదేనన్న సంగతి గుర్తుంటే ఆ విసుగు నిలవదు.

గర్భిణిని ఒక్కరిని చూసినా ఫారం ఎఫ్ (ఆమె వివరాలు, స్కానింగుకు కారణం రాసే చట్టబద్ధ పత్రం) నింపి, రికార్డులను రెండేళ్లు దాచాలి. ఆ ఫారంలోని లోపాలను గుమాస్తా పొరపాట్లుగా చూసి వదిలేయడానికి సుప్రీంకోర్టు 2019లో ఒప్పుకోలేదు. మొదటి నేరానికే మూడేళ్ల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

నేర్చుకోవడం మొదలుపెట్టేటప్పుడు నిండిన మూత్రాశయం, పొట్టలో నీరు, ఛాతీలో నీరు, ఈ మూడింటితో ఆపండి. మీరు చూసిన ప్రతిదాన్నీ రేడియాలజిస్టు రిపోర్టుతోనో సీటీతోనో పోల్చుకోండి. గుండె, పిత్తాశయం, కాలి సిరల్లో గడ్డలు తరువాత చూడవచ్చు. యంత్రానికి డబ్బు కట్టేముందు జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కార్యాలయంలో దరఖాస్తు చేయండి, రిజిస్ట్రేషన్ పత్రం చేతికి వచ్చాకే ఆర్డరు ఇవ్వండి.