ముందు చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో అడగండి, పేరు తర్వాత

ఐదేళ్ల బాబు ఫోన్ వదలట్లేదని, పిట్టల్ని చూపిస్తే రెండు నిమిషాల్లో విసుగొస్తున్నదని, చప్పుళ్లు వినిపిస్తే ఏమన్నా ఫలితం ఉంటుందా అని అడిగారు కదా అక్కా. ఉంటుంది. మాది మహబూబ్‌నగర్. మా బిడ్డకు ఇప్పుడు ఏడేళ్లు, ఐదో ఏట మొదలుపెట్టాం.

మొదట్లో నేనొక తప్పు చేశాను. ఏది కూసినా "అది కోయిల, ఇది కముజు పిట్ట" అని వెంటనే చెప్పేసేవాణ్ని. పేరు తెలిసిందంటే ఆమెకు ఆ ముచ్చట అయిపోయినట్టే, ఇంక వినేది కాదు. ఒక ఎండాకాలం పొద్దున పిల్లలమర్రి దగ్గర "నాన్నా, ఆడ ఎవరో సుత్తెతోని కొడ్తున్రు" అన్నది. టుక్, టుక్, టుక్. కంసాలి పిట్ట అని నాకు తెలుసు. చెప్పకుండా ఆపుకుని, "ఎక్కడికెల్లి వస్తున్నది బిడ్డా? కండ్లు మూసుకొని వేలుతోని చూపియ్యి" అన్నాను. ఒకసారి కుడికి చూపింది, ఇంకోసారి ఎడమకు. చేతులు దొప్పల్లా చేసి చెవుల వెనక పెట్టుకోమంటే, చప్పుడు దగ్గరికొచ్చిందని ఎగిరి గంతేసింది. పావుగంట వెతికాం. ఎండుకొమ్మ చివర, పిచ్చుక కన్నా కాస్త పెద్దది, పచ్చటి పిట్ట, నుదుట ఎర్రటి బొట్టు. ముక్కు మూసే ఉంది, గొంతు ఒక్కటే ఉబ్బుతోంది. అది తల అటూ ఇటూ తిప్పుతూ కూస్తున్నది కాబట్టే మాకు చోటు దొరకలేదని ఆమే కనిపెట్టింది! పేరు ఇంటికొచ్చాక చెప్పాను, ఇప్పటిదాకా మరచిపోలేదు.

మీరు ఇంటి డాబా మీద ఒక్క నిమిషంతో మొదలుపెట్టండి. పిడికిలి బిగించి, కొత్త చప్పుడు విన్నప్పుడల్లా ఒక వేలు తెరవాలి. ఆటో, బోరు మోటారు, గుడి మైకు అన్నీ లెక్కే, వాటిని కాదనకండి. ఎడమవైపు చప్పుడు ఎడమ చెవికి రవ్వంత ముందు చేరుతుంది, దిక్కు తెలిసేది చాలావరకు దానివల్లే. ఒక చెవి మూసి వేలు చూపించమంటే బాబుకే అర్థమవుతుంది. ఉరుము మాత్రం ఇంట్లో కూర్చునే లెక్కపెట్టండి: మెరుపు తర్వాత మూడు సెకన్లయితే పిడుగు సుమారు ఒక కిలోమీటరు దూరంలో పడ్డట్టు.

అన్నిటికన్నా మా బిడ్డను కట్టిపడేసింది బోదురు కప్పలు. మిరుగం (మృగశిర కార్తె) వానకు ఊరి కుంట నిండిన రాత్రి, బర్రె రంకె వేస్తున్నదనుకుంది. టార్చి వేస్తే పసుపు పూసినట్టున్న మగకప్పలు, దవడల కింద రెండు వైపులా నీలం బుడగలు ఉబ్బుతూ తగ్గుతూ. "గట్లెందుకు అరుస్తున్నయ్?" అంటే ఆడకప్పల్ని పిలుస్తున్నాయని చెప్పాను. "మరి ఆడకప్పకు ఏది ఎవరి గొంతో ఎట్ల తెలుస్తది?" అన్నది. జవాబు లేక ఇద్దరం ఇంకో అరగంట విన్నాం.

వానలకు పాములు తిరుగుతాయి, రోడ్డు దిగకండి, బాబుకు బూట్లు వేయండి. మొదటి పెద్దవాన పడ్డ రాత్రే వెళ్లండి, నాలుగు రోజులాగితే ఆ గోల తగ్గిపోతుంది.