రెండో పరీక్ష దాకా రానివాళ్ల గురించి

చిరంజీవి మాధవికి, పెదనాన్న ఆశీస్సులు.

రక్తం ద్వారా అంటుకుని కాలేయాన్ని పాడుచేసే వైరస్ జబ్బు హెపటైటిస్ సి నిర్మూలన పని చూడ్డానికి ఢిల్లీలో జాతీయ కార్యక్రమంలో చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషించాను. ప్రజారోగ్యంలోనే తల నెరిసినవాణ్ని, నాలుగు మాటలు రాస్తున్నాను.

మందుల గురించి బెంగ పడకు. సోఫోస్‌బువిర్, డాక్లాటాస్‌విర్ మాత్రలు మన దేశంలోనే తయారవుతున్నాయి. 2018 జూలై 28న కార్యక్రమం మొదలుపెట్టి ఉచితంగా ఇస్తున్నారు. సిరోసిస్ దాకా, అంటే కాలేయం గట్టిపడేదాకా పోనివాళ్లు 12 వారాలు వాడితే నూటికి తొంభై మందికి పైగా నయమవుతుంది. మనుషులు జారిపోయేది అంతకుముందే, మొదటి పరీక్షకీ రెండోదానికీ మధ్య. మొదటిది యాంటీబాడీ కార్డు, వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న పదార్థాలను చూస్తుంది. దానిమీద రెండు గీతలు పడితే వైరస్ ఎప్పుడో సోకిందని మాత్రమే అర్థం. ఇప్పుడు ఒంట్లో ఉందో లేదో రెండోది, వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష తేల్చాలి. దానికి “వచ్చే సోమవారం జిల్లా ఆసుపత్రికి రండి” అని పంపేస్తాం. ఏ నొప్పీ లేని మనిషి కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని ఎందుకొస్తాడమ్మా? రెండో గీత కనబడగానే ఆ కుర్చీలో ఉండగానే ఇంకో గొట్టం రక్తం తీయించు. దాన్ని ల్యాబ్‌కి చేర్చే పూచీ మనది.

కొత్త యంత్రాలకు ఫైలు పెట్టేముందు టీబీ వాళ్ల దగ్గరికి వెళ్లు. వాళ్ల ట్రూనాట్, జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రాల మీదే ఈ ఆర్‌ఎన్‌ఏ పరీక్షా చేయొచ్చు, కిట్ మాత్రం వేరు. “మా శాంపిళ్లకే టైం చాలడం లేదు” అంటారు. వారంలో ఏ పూట మీకిస్తారో కాగితం మీద రాయించుకో. మాట మీద నడిచే ఏర్పాటు అధికారి బదిలీ అయ్యేదాకే ఉంటుంది. సూదులతో మత్తు ఎక్కించుకునేవాళ్లు పెద్దాసుపత్రికి రారు. ఎయిడ్స్ నియంత్రణ వాళ్ల ఓఎస్‌టీ కేంద్రాల్లోనే, అంటే మత్తు సూదికి బదులు మందు ఇచ్చేచోటే పరీక్ష చేసి, మాత్రలూ అక్కడే ఇప్పించు.

ఈజిప్టులో 2018 అక్టోబరు నుంచి ఏడు నెలల్లో దాదాపు 5 కోట్ల మందిని పరీక్షించారు. వాళ్లకా జబ్బు అంతగా అంటుకున్నది, ఒకప్పుడు బిల్‌హార్జియా అనే పరాన్నజీవి పురుగుల జబ్బుకని ఊరూరా ఇచ్చిన ఇంజెక్షన్ల సిరంజిలు సరిగా మరిగించకుండా మళ్లీ మళ్లీ వాడినందువల్ల. హెపటైటిస్ సికి టీకా లేదు, రక్తం ద్వారా అంటకుండా చూసుకోవాల్సిందే. డయాలసిస్ కేంద్రాలనూ, ఊళ్లలో సూదులేసే ఆర్‌ఎంపీలనూ వదలొద్దు.

మందు ఆపిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ మళ్లీ చూస్తేనే నయమైనట్టు లెక్క. యాంటీబాడీలు మాత్రం ఏళ్లతరబడి ఉండిపోతాయి. కరీంనగర్ నుంచో కోనసీమ నుంచో గల్ఫ్‌కు బయల్దేరిన కుర్రాణ్ని మెడికల్‌లో వాటిని చూసే అన్‌ఫిట్ అంటారు. ఆ సంగతి మందు మొదలుపెట్టిన రోజే చెప్పించు. నయమయ్యాక ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు సంతకంతో సహా చేతికిప్పించు. దానికి దేశమంతటికీ ఒకే నమూనా ఉండేలా చూడు.

ఇట్లు,
పెదనాన్న